షుగర్ తగ్గింది

షుగర్ ఉన్న పిల్లల కోసం కమ్యూనిటీ హాల్లో ఆదివారం తరగతి జరుగుతోంది. ఒక పిల్ల రాలేదని నర్సు వాళ్ళింటికి ఫోన్ చేసింది. పిల్ల అమ్మమ్మ ఎత్తింది.

"అదేంటి అమ్మమ్మగారూ, ఇంక రానక్కర్లేదని మీకెవరు చెప్పారు?"

"ఒకరు చెప్పాలా నర్సమ్మా? తగ్గిపోయాక కూడా మీ చుట్టూ తిరిగేవాళ్ళని ఎక్కడైనా చూశావా?"

"ఏం తగ్గింది? షుగరా?"

"మరి నా వయసా? షుగరే. చల్లటి కబురు నేనే చెబుదామనుకున్నాను. నీ నంబరేమో మా అమ్మాయి ఫోన్లో ఉంటుంది, ఆ ఫోనేమో దానితో పనికి పోతుంది. ఇది ఇంట్లో పడుండే పాతది. ఎలాగా అనుకుంటుంటే నువ్వే చేశావు. నీకు నూరేళ్ళు."

"సంతోషం అమ్మమ్మగారూ. పోయిన వారం బాగా ఎక్కువుంది. డాక్టరుగారు కూడా కంగారు పడ్డారు. అందుకే మోతాదు పెంచారు."

"పెంచారు, పనిచేసింది. ఆయన చేతి చలవ. ఆయన దగ్గర అనకు గానీ, ఆ గడ్డం చూసి మొదట్లో నాకు నమ్మకం కుదరలేదు."

"అనను, అనను. నవ్వించకండి, ఇక్కడ పిల్లలందరూ నా ముఖమే చూస్తున్నారు. ఒరేయ్, ఆ కుర్చీ మీంచి దిగు. నిన్నే. చెప్పండి అమ్మమ్మగారూ. తగ్గితే మంచిదే. కానీ ఇది జ్వరంలా తగ్గి వదిలేసే రకం కాదు. ఇవాళ తగ్గుతుంది, రేపు పెరుగుతుంది. సూది మాత్రం రోజూ పడాల్సిందే. తగ్గిందని సూది మానేయలేదు కదా?"

"లేదులే. పొద్దున పనికి పోతూ పోతూ మా అమ్మాయే వేసి పోయింది."

"హమ్మయ్య. నా భయమంతా దాని గురించే. తగ్గిందనగానే ముందు సూది మానేస్తారు చాలామంది. తర్వాత మా చేతుల్లో ఏమీ ఉండదు."

"మేమంత తెలివితక్కువ వాళ్ళం కాదమ్మా. చెప్పింది చెప్పినట్టు చేసేవాళ్ళం."

"మీ గురించి కాదండీ. ఆదివారం కూడా అమ్మాయికి పనేనా?"

"కుట్టు కంపెనీ కదా. ఏదో ఆర్డరు మీద పడిందట. అక్కడ ఫోన్లు గేటు దగ్గరే లాక్కుంటారు, సాయంత్రం దాకా ఇవ్వరు. పిచ్చుకని తరగతికి నువ్వు తీసుకెళ్ళమ్మా అని నాకు చెప్పి పోయింది. నేనూ తయారయ్యాను. చెప్పులు కూడా వేసుకున్నాను."

"మరి రాలేదేం?"

"బయల్దేరేలోపే తగ్గిపోయిందిగా."

"బయల్దేరేలోపు... ఇవాళా తగ్గింది?"

"ఇవాళే. ఇందాకే."

"నేను ఈ వారంలో తగ్గిందనుకున్నాను. మిషను మీద చూశారా? ఎంత చూపించింది?"

"మిషను సంగతి నాకేం తెలుసు? అది అల్మారాలో ఉంది. తాళం మా అమ్మాయి దగ్గరుంది. పిల్ల ఊరికే వేలు పొడుచుకుని ఆడుతుందని తాళం వేసుకుని పోతుంది."

"మిషను చూడకుండా తగ్గిందని ఎలా తెలిసింది?"

"ముఖం చూస్తే తెలీదా? పుట్టినప్పటి నుంచీ ఎత్తుకు తిప్పిన చేతులివి."

"ముఖంలో ఏం తెలిసింది?"

"తెలిసింది. అంతే. దాహం దాహం అని కుండలు ఖాళీ చేసే పిల్ల, ఇవాళ గుక్కెడు నీళ్ళు అడగలేదు. తెల్లారితే ఇల్లు పీకి పందిరి వేసేదా, ఇవాళ ఓ మూల కుదురుగా కూర్చుంది. చెప్పిన మాట వింది. అది చెప్పిన మాట వినడం నేను చూడటం ఇదే మొదలు."

"ఇప్పుడేం చేస్తోంది? ఒకసారి ఫోనివ్వండి, నేను మాట్లాడతాను."

"పడుకుంది."

"ఈ వేళప్పుడా?"

"పాపం, ఇన్నాళ్ళూ రాత్రుళ్ళు నాలుగైదుసార్లు లేచేది కదమ్మా బాత్రూముకి. నిద్రెక్కడిది దానికి? ఇవాళ ఆదమరిచి పడుకుంది. లేపబుద్ధి కావట్లేదు."

"పొద్దున ఏం తింది?"

"తింటుందిలే లేచాక."

"అమ్మమ్మగారూ, లేచాక కాదు. పడుకోకముందు ఏం తింది?"

"పాలు ఇచ్చాను."

"తాగిందా?"

"ఇవ్వబోయాను. తర్వాత నేనే వద్దనుకున్నాను."

"ఎందుకు?"

"నువ్వు కోప్పడితే చెప్పను."

"కోప్పడను. చెప్పండి."

"తగ్గుముఖం పట్టిందని తెలిసింది కదా. అలాంటప్పుడు కడుపు ఖాళీగా ఉంచితే మొదలంటా పోతుందని... లంఖణం పరమౌషధం అన్నారు కదమ్మా పెద్దలు. ఒక్కపూటే. మధ్యాహ్నం కడుపునిండా పెడదామనే ఉన్నాను."

"అంటే సూది వేశాక ఏమీ తినలేదు."

"అమ్మాయి పెట్టి పోదామనుకుంది. బస్సు టైమైపోయింది, నేను పెడతాలే నువ్వు పో అన్నాను."

"ఏమీ తినలేదు కదా?"

"తినలేదు."

"పెంచిన మోతాదే వేసిందా మీ అమ్మాయి?"

"మీ డాక్టరు సూది మీద గీత గీసి చూపించాడట, ఆ గీత దాకే వేసింది. ఎందుకిన్ని అడుగుతున్నావు?"

"ఏం లేదు. నేను అడిగిందానికి జవాబు చెప్పండి చాలు. పడుకునే ముందు చెమటలు పట్టాయా?"

"పట్టాయి. గౌను తడిసిపోయింది. నేనే మార్చాను."

"చల్లటి చెమటా?"

"మంచి చెమటే అమ్మా. జ్వరం దిగేముందు పట్టదూ? అలాంటిదే. ఒంట్లోంచి రోగం కారిపోతోందనుకున్నాను."

"చేతులు వణికాయా?"

"కాస్త. గౌను గుండీలు పెట్టుకోలేకపోయింది. నేను పెట్టాను."

"మాట ఎలా ఉంది?"

"అదా... దానికి నవ్వొచ్చింది నాకు. నన్ను పట్టుకుని టీచర్ అంది. కుడి చెప్పు ఎడమ కాలికి వేసుకుని, ఇది నాది కాదు అని పేచీ. నిద్రమత్తులో ఉందిలే అనుకున్నాను. నర్సమ్మా, నువ్వు ఏదో దాస్తున్నావు."

"అమ్మమ్మగారూ, ఒక్క మాట సూటిగా చెప్పండి. షుగర్ తగ్గిందని మీకెవరు చెప్పారు?"

"అదే చెప్పింది."

"ఎవరు?"

"మా పిచ్చుకే. నేను తల దువ్వుకుంటుంటే వచ్చి నా ఒళ్ళో తల పెట్టి, అమ్మమ్మా, నాకు షుగర్ తగ్గింది, అంది. రెండుసార్లు చెప్పింది. నాకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి. దగ్గరికి తీసుకుని ముద్దు పెట్టుకున్నాను. నా బంగారు తల్లి, ఇన్నాళ్ళకి గట్టెక్కావు, హాయిగా పడుకో అన్నాను."

"మీరు పిల్ల దగ్గరికి నడవండి. మాట్లాడుతూనే నడవండి. ఫోన్ చెవి మీంచి తీయకండి."

"ఎందుకు?"

"ఆ మాట దానికి నేర్పింది నేను. ఒళ్ళు వణికినా, చెమటలు పట్టినా, కళ్ళు తిరిగినా షుగర్ తగ్గినట్టు, వెంటనే ఇంట్లో పెద్దవాళ్ళకి చెప్పండి, నాకు షుగర్ తగ్గింది అని చెప్పండి, అని పిల్లలందరి చేతా వల్లె వేయించాను. అది మీకు శుభవార్త చెప్పలేదు అమ్మమ్మగారూ. కాపాడమని అడిగింది."

"అదేం మాట? తగ్గాలి, తగ్గాలి అని వచ్చినప్పుడల్లా మా చెవినిల్లు కట్టుకుని పోరింది నువ్వే. ఇప్పుడు తగ్గితే..."

"తగ్గాలంటే ఎక్కువున్నది దిగాలని. ఉండాల్సిన దాని కన్నా కిందికి పోతే మెదడుకి శక్తి అందదు. మనిషి అలాగే పడుకుండిపోతుంది. అది నిద్ర కాకపోవచ్చు. పిల్ల దగ్గరికి వెళ్ళారా?"

"వెళ్ళాను. పడుకునే ఉంది. బాగానే ఉందమ్మా, ఊపిరి తీస్తోంది."

"లేపండి."

"పిచ్చుకా. పిచ్చుకా, లే తల్లీ. నర్సక్క ఫోన్ చేసింది."

"గట్టిగా. బుగ్గ తట్టండి."

"పిచ్చుకా. ఇటు చూడు. అమ్మమ్మని. ఏయ్ పిల్లా. నర్సమ్మా, మూలుగుతోంది గానీ కళ్ళు తెరవట్లేదు."

"ఒళ్ళు?"

"చల్లగా ఉంది. దిండు కూడా తడిసిపోయింది. ఇందాకే మార్చాను కదమ్మా గౌను, మళ్ళీ తడిసింది."

"సరే. వినండి. ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టండి. తిప్పారా? ఇప్పుడు చక్కెర తీసుకురండి, గుప్పెడు. కొద్దిగా తడిపి, వేలితో బుగ్గ లోపల, చిగుళ్ళకి రాయాలి. నీళ్ళు మాత్రం పోయకండి, పొరపోతుంది."

"చక్కెరా?"

"చక్కెరే."

"షుగర్ పిల్లకి చక్కెరా? నువ్వేనా చెబుతోంది?"

"నేనే చెబుతున్నాను. ఇప్పుడు దానికి మందు అదే. తొందరగా తీసుకురండి."

"లేదమ్మా."

"ఏం లేదు?"

"చక్కెర లేదు. దీనికి షుగరని తెలిసిన రోజే మా అమ్మాయి డబ్బా ఖాళీ చేసేసింది. మేమూ చప్పిడి టీ తాగుతున్నాం. పిల్ల తినకూడనిది ఇంట్లో ఎవరూ తినకూడదని."

"బెల్లం? తేనె? పండు ఏదైనా?"

"తీపనేది గడప దాటి రాలేదు నర్సమ్మా ఈ ఇంట్లోకి. ఆ మాట మీద నిలబడ్డాం మేము."

"పోయిన నెల తరగతిలో ఒక్కో పిల్లకీ గ్లూకోజు పొట్లం ఇచ్చాను. నీలం పొట్లం. బడి సంచిలో ఉంటుంది, చూడండి."

"అది పారబోశాను."

"పారబోశారా?"

"సంచి ఉతుకుదామని తీస్తే బయటపడింది. నాలుక మీద వేసుకుని చూస్తే తీపి. దొంగతనంగా కొనుక్కుంటోందనుకున్నాను. నర్సక్క ఇచ్చింది అని చెబుతూనే ఉంది. షుగర్ పిల్లకి నర్సే తీపి ఇస్తుందా, ఇంకా అబద్ధాలొకటి అని కేకలేశాను. అప్పటికే దాని మీద ఒక ఫిర్యాదు వచ్చి ఉంది."

"సరే. పోనివ్వండి. పక్కింటికి వెళ్ళండి. అంబులెన్సుకి ఇక్కడి నుంచి నేను చెబుతాను. డాక్టరుగారూ, ఇటు రండి, మీ ఫోన్లోంచి అంబులెన్సుకి చేయండి, పిచ్చుక వాళ్ళ ఇల్లు, షుగర్ పడిపోయింది, మెలకువ లేదని చెప్పండి. అమ్మమ్మగారూ, బయల్దేరారా?"

"పక్కింటికేనా వెళ్ళాలి?"

"మీకు దగ్గరగా ఎవరుంటే వాళ్ళింటికి."

"ఆవిడే ఉంది. అటుపక్క ఇంటికి తాళం. కొట్టు ఆదివారం తీయరు."

"ఆవిడ దగ్గరికే వెళ్ళండి మరి."

"ఆవిడతో మాటల్లేవు నర్సమ్మా."

"ఎందుకు లేవు?"

"ఫిర్యాదని చెప్పానే, అది ఆవిడే తెచ్చింది. మా పిల్ల వాళ్ళింట్లో ఆడుకుంటూ వంటింట్లోకి పోయి చక్కెర డబ్బాలో చెయ్యి పెట్టి బొక్కిందట. వీధంతా వినేలా అరిచింది, దొంగముండని పెంచుతున్నారు అని. నేనూ ఊరుకోలేదు. నోటికొచ్చింది నేనూ అన్నాను. దీనికి షుగరని ఆవిడకి తెలీదు. ఎవరికీ చెప్పుకోలేదు మేము. ఆడపిల్ల కదా."

"డబ్బాలో చెయ్యి పెట్టినప్పుడు కూడా దానికి చెమటలు పట్టి ఉంటాయి. దొంగతనం కాదు అది. తగ్గినప్పుడు వెంటనే తీపి తినమని నేనే చెప్పాను. చెప్పినట్టు చేసింది. అమ్మమ్మగారూ, మాటలున్నా లేకపోయినా వెళ్ళి తలుపు కొట్టండి."

"వెళ్తున్నాను. పిల్లని ఒక్కదాన్నే వదిలి..."

"పక్కకి తిప్పే ఉంది కదా, పర్లేదు. వెళ్ళండి. ఫోన్ కట్ చేయకండి."

"కొడుతున్నాను. అమ్మాయ్. అమ్మాయ్, తలుపు తీయి."

"ఎవరూ? ఓహో, మీరా పిన్నిగారూ. దారి తప్పారా?"

"గుప్పెడు చక్కెర పెట్టమ్మా. తర్వాత మాట్లాడుకుందాం."

"చక్కెరా? మొన్న మీ మనవరాలు వచ్చి నేరుగానే తీసుకుంది. ఇవాళ మీరు అడిగి తీసుకుంటున్నారు. నయమే."

"నువ్వేమన్నా అను, నేను పడతాను. ముందు చక్కెర ఇవ్వు. పిచ్చుక కళ్ళు తెరవట్లేదు."

"అయ్యో, ఏమైంది? ఉండండి, తెస్తున్నాను. కళ్ళు తిరిగి పడిందా? ఇదిగో డబ్బానే తీసుకోండి. పంచదార నీళ్ళు తాగిస్తారా? నేనూ వస్తాను. ఏం జబ్బు పిన్నిగారూ?"

"షుగర్."

"ఎవరికి?"

"పిచ్చుకకే. రెండేళ్ళయింది."

"ఇటివ్వండి డబ్బా."

"అమ్మాయ్, ఏంటది, వదులు."

"షుగర్ ఉన్న పిల్లకా చక్కెర పెట్టేది? మీకు మతి పోయిందా? మా ఆయనకీ షుగరే. టీలో చెంచా వేసినందుకు డాక్టరు నన్ను కడిగిపారేశాడు. గుప్పెడు పెడితే పిల్ల బతుకుతుందా? రేపు ఏమైనా అయితే, చక్కెర ఎక్కడిది అంటే మా ఇంటి నుంచే అంటారు."

"నర్సమ్మ చెప్పింది. ఇదిగో ఫోన్లో ఉంది. నర్సమ్మా, ఈవిడ ఇవ్వనంటోంది. నువ్వే చెప్పు."

"అక్కా, నేను షుగర్ పిల్లల తరగతి నర్సుని. వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది."

"మీవారికి షుగర్ ఎక్కువ. మీరు చేసింది కరెక్టే. ఈ పిల్లకి ఇప్పుడు మరీ తక్కువైపోయింది. సూది పడింది, తిండి పడలేదు. చక్కెర పెడితే లేస్తుంది. పెట్టకపోతే లేవదు. ఏమైనా అయితే నా పేరు చెప్పండి. ఈ ఫోన్ మాటలకి ఇక్కడ డాక్టరుగారు సాక్షి."

"అంత తక్కువవుతుందా అమ్మా? షుగరంటే ఎక్కువవడమే కదా?"

"రెండూ అవుతుంది. తక్కువైతే ఇలా ప్రాణం మీదికొస్తుంది. ఇవాళ ఇచ్చేయండి, రేపు నేనే మీ ఇంటికొచ్చి అన్నీ చెబుతాను."

"పదండి పిన్నిగారూ. పదండి, డబ్బా నేను పట్టుకుంటాను. అమ్మా నర్సుగారూ, ఆ రోజు ఇది నా డబ్బాలో చెయ్యి పెట్టింది చూడండి..."

"తెలుసు. అప్పుడూ తక్కువైంది."

"చేతులు వణుకుతుంటే దొరికిపోయానని భయపడుతోంది అనుకున్నాను. వీధిలోకి లాక్కొచ్చి దొంగ అన్నాను."

"అక్కా, అవన్నీ తర్వాత. పిల్ల దగ్గరికి చేరారా? ఫోన్ స్పీకర్లో పెట్టండి. ఎలా ఉంది?"

"అలాగే ఉంది నర్సమ్మా. పెదాలు తెల్లగా అయిపోయాయి."

"వేలు తడిపి, చక్కెర అద్ది, కింది పెదవి లాగి చిగురుకి రాయండి. కొంచెం కొంచెంగా. పళ్ళ మధ్య వేలు పెట్టకండి."

"రాస్తున్నాను. పిచ్చుకా, ఇదిగో. సగం బయటికే రాలిపోతోంది."

"ఫరవాలేదు. ఇంకొంచెం రాయండి. బుగ్గ బయట నుంచి మెల్లగా నిమరండి. డాక్టరుగారూ, ఏమన్నారు వాళ్ళు? అమ్మమ్మగారూ, అంబులెన్సు బయల్దేరింది. ఇంకొంచెం రాయండి."

"పిన్నిగారూ, నాలుక కదిలింది. చప్పరిస్తోంది చూడండి."

"అవును. అవును నర్సమ్మా, చప్పరిస్తోంది."

"మంచిది. రాస్తూనే ఉండండి. ఆపకండి. కళ్ళు?"

"తెరుస్తోంది. తెరిచింది. నన్నే చూస్తోంది. పిచ్చుకా, నేనే తల్లీ, అమ్మమ్మని."

"మింగగలుగుతోందా? ఇప్పుడు కాస్త కూర్చోబెట్టి, చెంచాతో చక్కెర నోట్లో వేయండి. ఇంకా చాలా కావాలి. ఇప్పుడు పడింది ఏ మూలకీ సరిపోదు. పెంచిన మోతాదు ఇంకా పనిచేస్తూనే ఉంటుంది, ఆపితే మళ్ళీ పడిపోతుంది. ఈసారి పడిపోతే మనం లేపలేం."

"ఇదిగో తల్లీ, ఆ అను. ఆ. నర్సమ్మా."

"చెప్పండి."

"నోరు మూసేసింది."

"పళ్ళు బిగుసుకుపోయాయా? కళ్ళు పైకి పోయాయా? కాళ్ళూ చేతులూ కొట్టుకుంటోందా?"

"లేదమ్మా, ఫిట్సు కాదు. నేను పక్కింటామెను, ఇక్కడే ఉండి చూస్తున్నాను. చక్కెర చూసింది, డబ్బా చూసింది, వాళ్ళ అమ్మమ్మని చూసింది. చూసి మూసుకుంది. చేత్తో నోరు అడ్డం పెట్టుకుంటోంది. నోట్లో ఉన్నది కూడా ఉమ్మేస్తోంది."

"ఉమ్మేస్తోందా? ఎందుకు? అమ్మమ్మగారూ, అది మీ మాటకి భయపడుతోందా? ఆ డబ్బా గొడవప్పుడు కొట్టారా దాన్ని?"

"ఒక్క దెబ్బ వేయలేదు."

"మరేం చేశారు?"

"పిన్నిగారూ, చెప్పండి, పిల్ల మళ్ళీ కళ్ళు మూసేస్తోంది."

"నా నెత్తి మీద చెయ్యి పెట్టించి ఒట్టు వేయించుకున్నాను. ఇంక జన్మలో తీపి ముట్టనని. ముడితే అమ్మమ్మ చచ్చిపోతుంది అని దాని నోటితోనే చెప్పించాను. కొడితే మర్చిపోతుంది, ఒట్టైతే మర్చిపోదని."

"అమ్మమ్మగారూ, ఆ ఒట్టు తీసేశానని చెప్పండి. ఇప్పుడే చెప్పండి."

"పిచ్చుకా, ఇటు చూడు. ఒట్టు తీసి గట్టున పెట్టాను. పోయింది ఒట్టు. నోరు తెరువు తల్లీ."

"గట్టున... పెట్టడం... ఉండదన్నావుగా."

"అది అప్పుడన్నాను. ఉంటుంది. నర్సక్క కూడా ఉంటుందంటోంది, అడుగు."

"నువ్వు... చచ్చిపోతావు అమ్మమ్మా. నేను తినను."

"నర్సుగారూ, తల వాల్చేస్తోంది."

"అమ్మమ్మగారూ, ఏదో ఒకటి చెప్పండి. మీ మాటే వింటుంది అది."

"చెయ్యి ఇలా తే తల్లీ. తే. ఇదిగో, నా నెత్తి మీద పెట్టాను, చూడు, నీ చెయ్యే. ఇప్పుడు వేస్తున్నాను కొత్త ఒట్టు. నువ్వు ఈ చక్కెర మింగకపోతే నేను చస్తాను."